చెడు కబురు మీదాకా ఎందుకు రాలేదు?

ఉద్యోగ జీవితంలోని ఇబ్బందుల గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు జవాబులిచ్చే ఈ శీర్షికకు ఈ నెల బెంగళూరులోని తెలుగువారి నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో చాలా భాగం జట్టును నడిపించడం, జట్టులో మాట సాగడం గురించే ఉన్నాయి. ముప్పై ఏళ్ళు ఈ నగరంలోనే సాఫ్ట్‌వేర్ జట్లను నడిపి పదవీ విరమణ చేసినదాన్ని కనుక ఈ ఉత్తరాలను నాకు పంపించారు. అడిగినవారి పేర్లు ఇక్కడ ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది ఒంగోలు. బెల్లందూరులోని ఒక సంస్థలో తొమ్మిదిమంది ఉన్న జట్టుకు లీడ్‌గా పనిచేస్తున్నాను. పాత డేటాను కొత్త వ్యవస్థలోకి మార్చే మా ప్రోగ్రాము కొన్ని ఖాతాలను వదిలేస్తోందని పోయిన నెల రిలీజ్‌కు ఒక్క రోజు ముందు బయటపడింది. ఆరా తీస్తే జట్టులో ఇద్దరికి ఆ సంగతి పదకొండు రోజుల ముందే తెలుసని తేలింది. రోజూ పొద్దున అందరూ నిలబడి పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకునే స్టాండప్‌లో మాత్రం వాళ్ళు "పని జరుగుతోంది" అనే చెబుతూ వచ్చారు. కోపం ఆపుకోలేక అందరి ముందూ గట్టిగా మందలించాను. అప్పటి నుంచి మీటింగ్‌లో ఎవరూ నోరు విప్పడం లేదు. వీళ్ళ చేత మాట్లాడించడం ఎలా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపినది ఆ పదకొండు రోజుల లెక్క. వారాంతం తీసేసినా కనీసం ఏడెనిమిది సార్లు మీరందరూ ఒకచోట నిలబడి మాట్లాడుకున్నారు. అన్నిసార్లూ ఆ ఇద్దరూ చెప్పవలసిన మాటను గొంతు దాకా తెచ్చుకుని మింగేశారు. వాళ్ళు ఎందుకు చెప్పలేదని మీరు వాళ్ళను అడిగారు. చెప్పడానికి ఏం అడ్డొచ్చిందో అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు. ఈ రెండూ ఒకే ప్రశ్న కాదు. మొదటిదానికి మనిషి సంజాయిషీ ఇచ్చుకుంటాడు, రెండోదానికి జరిగింది చెబుతాడు.

నా అనుభవం ఒకటి చెబుతాను. పాతికేళ్ళ కిందట రెసిడెన్సీ రోడ్డులోని ఒక ఆఫీసులో, సాయంత్రం ఆరున్నర వేళ, మా జట్టులో కొత్తగా చేరిన అనంతపురం కుర్రవాడు ఒక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పట్టుకుని నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. జీతాల లెక్క కట్టే ప్రోగ్రాములో పైసలను సరిచేసే చోట తప్పు దొర్లిందని, అది తన వల్లే జరిగిందని చెప్పాడు. నేను తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండానే "ఇప్పుడా చెప్పేది?" అన్నాను. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అతను రాత్రి కూర్చుని తప్పు దిద్ది ఇంటికి వెళ్ళాడు. ఆ తరువాత నాలుగు నెలల పాటు ఏ సందేహం వచ్చినా పక్క జట్టువాళ్ళను అడిగాడే తప్ప నా దగ్గరకు రాలేదు. బాగా పనిచేస్తున్నాడనే నేను అనుకున్నాను. వేరే ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయే రోజున అడిగితే, "మీరు తిట్టలేదు మేడమ్, కానీ మళ్ళీ ఆ గుమ్మం దగ్గర నిలబడబుద్ధి కాలేదు" అన్నాడు. ఆ గుమ్మం నాకు ఈనాటికీ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

కనుక ముందుగా మిమ్మల్ని కోరేది ఒకటే. ఈ రిలీజ్‌కు ముందు, ఈ ఏడాదిలోనో పోయిన ఏడాదిలోనో, మీ జట్టులో ఎవరైనా చెడు కబురు తెచ్చిన సందర్భాన్ని గుర్తు చేసుకోండి. అప్పుడు మీ నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏమిటి? తెచ్చినవాడు దాన్ని మరిచిపోడు, విన్న మిగతా ఎనిమిదిమందీ మరిచిపోరు. పదకొండు రోజుల మౌనానికి కారణం బహుశా అక్కడ దొరుకుతుంది.

మన మాటతీరులోనూ ఒక చిక్కు ఉంది. పెద్దవారికి "కాదు" అని మొహాన చెప్పడం మర్యాద కాదని మనం చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నాం. అందువల్ల పని ఆగిపోయినా "అవుతుందండీ" అంటాం, దారి తోచకపోయినా "చూస్తున్నాను సార్" అంటాం, సగం కూడా కాకపోయినా "దాదాపు అయిపోయింది" అంటాం. వీటిని అబద్ధాలుగా లెక్కేయకండి. ఇవి సాయం కావాలని నెమ్మదిగా కొట్టే గంటలు. "దాదాపు" అన్న మాట వినగానే "మిగిలిన భాగం ఏమిటో ఒకసారి నాకు చూపిస్తావా?" అని పక్కన కూర్చునే లీడ్‌కు పదకొండు రోజుల నాటి వార్త రెండో రోజే తెలిసిపోతుంది. "అంతా బాగానే ఉందా?" అని అడిగితే దానికి "బాగానే ఉందండీ" అన్న ఒక్క జవాబే వస్తుంది. "ఈ వారం పనిలో నీకు అనుమానంగా ఉన్నది ఏది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపికగా ఆగండి. మొదటి రెండు మూడు రోజులు ఎవరూ మాట్లాడరు. అప్పుడు మీ సొంత పనిలోని అనుమానం ఒకటి ముందు మీరే బయటపెట్టండి.

హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించినప్పుడు, మంచి జట్లలో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆశించారు. లెక్కలు తిరగబడి, మంచి జట్లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్టు కనిపించింది. లోతుగా చూస్తే, ఆ జట్లలో నర్సులు జరిగిన పొరపాటును భయపడకుండా చెబుతున్నారని, తక్కిన చోట్ల దాచిపెడుతున్నారని అర్థమైంది. మీ స్టాండప్‌లో సమస్యలు లేవని వినిపించిన ఆ రోజులను కూడా ఈ దృష్టితోనే చూడాలి.

అందరి ముందూ మందలించడం గురించి ఒక సంగతి చెప్పాలి. అది మన బెంగళూరుకూ, మన శ్రీహరికోటకూ చెందినది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ తొలి ప్రయోగం విఫలమై బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ ప్రాజెక్టుకు అధిపతి అబ్దుల్ కలామ్. ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ ఆ రోజు పత్రికలవారి ముందుకు తానే వచ్చి, వైఫల్యాన్ని తన మీద వేసుకుని, తన జట్టు మీద నమ్మకం ఉందని, మళ్ళీ ప్రయత్నించి నెగ్గుతామని చెప్పారు. 1980 జూలై 18న అదే రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు, పత్రికలవారితో మాట్లాడమని కలామ్‌ను పంపించారు. కలామ్ ఈ సంగతిని తరువాతి కాలంలో ఎన్నో సభల్లో చెప్పారు. తప్పు ఎక్కడ జరిగిందో వెదకడం లోపలి గదిలో సాగింది, దాని బరువు మోయడం బయట నాయకుడి వంతు అయింది. మీరు ఈ రెంటినీ కలిపేశారు. లోపల అడగవలసినవి అందరి ముందూ అడిగారు.

ఇప్పుడు చేయవలసిన పని కష్టమే. అందరి ముందూ అన్న మాటను అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. విడిగా పిలిచి "ఏమీ అనుకోకు" అంటే సరిపోదు, ఎందుకంటే చూసి భయపడినవాళ్ళు మిగతా ఏడుగురు. సోమవారం స్టాండప్‌లో "ఆ రోజు నేను మాట్లాడిన పద్ధతి తప్పు. సమస్యను ముందే చెప్పే వీలు కల్పించవలసిన బాధ్యత నాది, అది నేను చేయలేదు" అని చెప్పండి. "కానీ మీరు కూడా..." అని కొనసాగించకండి. ఆ "కానీ" దగ్గరే క్షమాపణ చచ్చిపోతుంది. ఆ ఇద్దరి బాధ్యత ఏమిటన్నది మరొక రోజున, ఒక్కొక్కరితో, తలుపు వేసుకుని మాట్లాడండి. అది వదిలేయమని నేను అనడం లేదు. ఖాతాలు పోతున్నాయని తెలిసి చెప్పకపోవడం చిన్న విషయం కాదు. ఆ రోజు మాత్రం మొదట వాళ్ళు చెప్పేది పూర్తిగా విని, ఆ తరువాతే మీరు మాట్లాడండి.

ఆరు నెలలు పడుతుంది. అంతకన్నా త్వరగా నమ్మకం తిరిగి రావడం నేను చూడలేదు.

ప్రశ్న: మా జట్టులో పదకొండుమందిలో ఏడుగురం తెలుగువాళ్ళం. మేము మాలో మేము తెలుగులో మాట్లాడుకుంటే మిగతావారు ముఖం ముడుచుకుంటున్నారని మేనేజర్ చెప్పారు. సొంత భాషలో మాట్లాడుకోవడం తప్పా? (మారతహళ్ళి)

జవాబు: తప్పు కాదు. ఊరు కాని ఊరిలో తెలుగు వినిపిస్తే ప్రాణం లేచి వస్తుందని నాకు తెలుసు. అయితే మీ సహోద్యోగుల ఇబ్బంది భాష వల్ల కాదేమో చూడండి. నాలుగు గంటలకు టీ కొట్టు దగ్గర ఏడుగురూ నిలబడి, "ఆ మాడ్యూల్ ఈ వారం వద్దులే, వచ్చే వారం చూద్దాం" అని తెలుగులో అనుకుంటారు. మీ దృష్టిలో అది కబుర్లలో దొర్లిన మాట. మర్నాడు ఆ మాడ్యూల్ మీద రాత్రంతా కూర్చున్న కన్నడిగుడికో మలయాళీకో అది తనకు తెలియకుండా జరిగిన నిర్ణయం. అలా రెండు సార్లు జరిగితే, ఆ తరువాత మీరు సినిమా గురించి మాట్లాడుకున్నా తన గురించే అనుకుంటాడు.

అందుచేత తెలుగును మానుకోకండి. పనికి సంబంధించిన మాట ఏది తేలినా, తిరిగి సీటుకు వచ్చిన వెంటనే అందరికీ తెలిసిన భాషలో జట్టు గ్రూపులో రెండు వాక్యాలు రాయండి. అది ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు, ఇంకా ఎవరైనా మార్చవచ్చా అన్నది కూడా అందులో ఉండాలి. మీటింగ్‌లో ఒక్కరికి తెలుగు రాకపోయినా ఆ మీటింగ్ తెలుగులో సాగకూడదు.

మరొక మాట కూడా చెబుతాను. ఇన్నేళ్ళుగా ఈ నగరంలో ఉంటూ కన్నడం నేర్చుకోని తెలుగువారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది. లిపి దాదాపు మనదే, మాటల్లో ఎన్నో మనవే. అక్కడక్కడ తికమక పెట్టే మాటలూ ఉన్నాయి. మనకు ఊట అంటే చెలమలో ఊరే నీరు, వాళ్ళకు ఊట అంటే భోజనం. మధ్యాహ్నం పక్క సీటు ఆయనను "ఊట ఆయ్తా?" అని పలకరించి చూడండి. మేనేజర్ మీకు చెప్పిన ఫిర్యాదులో సగం ఆ పలకరింపుతో తగ్గుతుందని నా నమ్మకం.

ప్రశ్న: నేను ఇరవై తొమ్మిదేళ్ళ అమ్మాయిని. పీణ్య పారిశ్రామికవాడలో ఒక చిన్న మెషిన్ షాపులో ఆపరేటర్‌గా చేరి, ఈ ఏడాది షిఫ్టు సూపర్‌వైజర్‌ను అయ్యాను. నాకు పని నేర్పిన పెద్దాయన ఇప్పుడు నా కింద పనిచేస్తున్నారు. ఆయనను "అన్నా" అనే పిలుస్తాను. నేను చెప్పినది ఆయన పట్టించుకోరు. పోయిన నెల రాత్రి షిఫ్టులో ఆయన ఇన్సర్ట్ (లోహాన్ని కోసే మొన) మార్చి ఆఫ్‌సెట్ (ఆ మొన ఎక్కడ నిలవాలో మెషిన్‌కు చెప్పే అంకె) సరిచేశారు, పొద్దున వచ్చిన కుర్రాడికి చెప్పలేదు. కుర్రాడు పాత అలవాటు ప్రకారం ఆఫ్‌సెట్‌ను మళ్ళీ మార్చాడు. నలభై జాబులు (మెషిన్ మీద తయారైన ముక్కలు) డయా, అంటే వ్యాసం, తగ్గి రిజెక్ట్ అయ్యాయి. యజమాని నన్ను అడిగారు. ఆయనను నేనెలా అడగాలి?

జవాబు: ముందుగా మీకు అభినందనలు. ఆపరేటర్ స్థాయి నుంచి ఆ బాధ్యత అందుకున్న ఆడపిల్లలు ఆ షెడ్లలో ఎక్కువమంది లేరు.

పెద్దాయనను ఆ నలభై జాబుల గురించి నిలదీయకండి. ఆయన చేసిన పని సరైనదే, ఇన్సర్ట్ అరిగితే మార్చాలి, మార్చితే ఆఫ్‌సెట్ దిద్దాలి. పోయింది మాట మాత్రమే. రెండు షిఫ్టుల మధ్య ఆ మాట దాటడానికి మీ షాపులో ఏర్పాటు లేదు. ఉదయం ఆరు గంటలకు ఆయన చేతులు కడుక్కుని బస్సు కోసం పరుగెత్తే సమయానికి కుర్రాడు ఇంకా గేటు దగ్గర ఉంటాడు. ఇద్దరూ ఒకే మెషిన్ ముందు కలిసి నిలబడే పది నిమిషాలను యజమానిని అడిగి సంపాదించండి. నలభై జాబుల ఖరీదును ఆయన ముందు పెట్టి అడగండి, కాదనలేరు.

ఆ పది నిమిషాలలో మెషిన్ మీద కట్టిన పుస్తకంలో షిఫ్టు దిగేవారు రాయాలి: ఏ టూల్ మార్చారు, ఆఫ్‌సెట్ ఎంత కదిపారు, చివరి జాబు కొలత ఎంత వచ్చింది, ఏది అనుమానంగా ఉంది. రాసి ఊరుకోకుండా నోటితో చెప్పాలి, ఎక్కేవారు విన్నది తిరిగి చెప్పాలి. "మూడో టూల్ మార్చారు, ఆఫ్‌సెట్ రెండు వందలు కదిపారు, అంతేనా అన్నా?" అని కుర్రాడు అనాలి. ఆ తరువాత మొదటి జాబు తీసి మైక్రోమీటర్ పెట్టకుండా రెండో జాబు బిగించకూడదు.

విన్నది తిరిగి చెప్పడం చిన్నపిల్లల పాఠంలా ఉందని పెద్దాయన అనవచ్చు. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని తెనెరిఫె విమానాశ్రయంలో, దట్టమైన పొగమంచులో, రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్‌కు అనుమతి రాకుండానే ఒక కెప్టెన్ వచ్చిందనుకుని బయలుదేరారు. అవతలి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని ఆయన వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీర్ సందేహం వెలిబుచ్చాడు. కెప్టెన్ గట్టిగా కొట్టిపారేయడంతో ఇంజనీర్ ఊరుకున్నాడు. ఆ కెప్టెన్ తన సంస్థలో ఎందరికో నేర్పిన పెద్ద అనుభవజ్ఞుడు. ఇలాంటి ప్రమాదాల తరువాతే విమానయానంలో మాట వాడకం బిగించారు, కింది ఉద్యోగి సందేహాన్ని పైవాడు వినితీరాలన్న శిక్షణ మొదలుపెట్టారు. అనుభవం ఎంత ఉన్నా విన్న మాటను సరిచూసుకోవడంలో చిన్నతనం లేదని ఆయనకు ఈ సంగతి చెప్పండి. మీ అంతట మీరు చెప్పే ఆజ్ఞ కన్నా ఇది ఆయనకు సులువుగా ఎక్కుతుంది.

"అన్నా" అని పిలవడం మానవలసిన పని లేదు. ఆ పుస్తకంలో ఏమేం రాయాలో మొదట ఆయననే అడగండి, మీరు మరిచిన రెండు విషయాలు ఆయన చెబుతారు. నిర్ణయం మాత్రం మీది. "అన్నా, మీరు చెప్పినవి కూడా చేర్చాను, రేపటి నుంచి రెండు షిఫ్టుల్లోనూ ఇలాగే జరగాలి" అన్న మాటను గొంతు పెంచకుండా, తల దించకుండా చెప్పండి.

ప్రశ్న: మా మేనేజర్ రాత్రి పదకొండు గంటలకు మెసేజ్‌లు పంపిస్తారు. జవాబివ్వకపోతే ఏమనుకుంటారోనని భయం. (వైట్‌ఫీల్డ్)

జవాబు: ఆయన జవాబు ఆశిస్తున్నారో లేదో ముందు అడగండి. గుర్తున్నప్పుడు రాసి పెట్టేవారు చాలామంది ఉంటారు, ఎదుటివారు నిద్ర మానుకుంటారని వాళ్ళకు తట్టదు. "అత్యవసరమైతే ఫోన్ చేయండి సార్, వెంటనే ఎత్తుతాను. మెసేజ్ అయితే పొద్దున తొమ్మిదికి చూస్తాను" అని పగటిపూట, ఎదురుగా చెప్పండి. ఇది చదివే మేనేజర్లకు కూడా ఒక విన్నపం. రాత్రి తోచినదాన్ని పొద్దున వెళ్ళేట్టు సమయం పెట్టి పంపే వీలు ఇప్పుడు చాలా మెయిళ్ళలో, కొన్ని ఆఫీసు చాట్‌లలో ఉంది. దయచేసి వాడండి.

ప్రశ్న: మా వారపు మీటింగ్‌లో పద్నాలుగుమంది ఉంటారు. ఇద్దరే మాట్లాడతారు. ఏం చేయాలి?

జవాబు: తగ్గించండి. ఐదుగురు ఉన్న చోట ఇద్దరిద్దరి మధ్య పది దారులు ఉంటాయి, పద్నాలుగుమంది ఉన్న చోట అవి 91 అవుతాయి. అన్ని దారుల్లో మాట నడవదు. నిర్ణయంతో సంబంధం ఉన్నవారిని పిలిచి, తక్కినవారికి రాసి పంపండి. ఉన్నవారిలో ప్రతి ఒక్కరి చేత మొదటి ఐదు నిమిషాల్లో ఒక్క వాక్యమైనా పలికించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన శస్త్రచికిత్స తనిఖీ పట్టికలో, కోత పెట్టే ముందు గదిలోని అందరూ తమ పేరూ తమ పనీ చెప్పాలని ఉంది. ఒకసారి గొంతు విప్పిన మనిషికి, తరువాత ఏదైనా తేడా కనిపించినప్పుడు నోరు తెరవడం అంత కష్టం కాదు.

ప్రశ్న: చేరి ఐదు నెలలైంది. నా పనిలో తప్పు జరిగింది. రెండు రోజులుగా మేనేజర్‌కు చెప్పలేకపోతున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. (ఎలక్ట్రానిక్ సిటీ)

జవాబు: ఈ ఉత్తరం అందిన రోజునే మీకు విడిగా జవాబు రాశాను. ఇదే స్థితిలో ఉన్న మరొకరికి పనికొస్తుందని దాన్నే ఇక్కడ ఇస్తున్నాను.

"క్షమించండి సార్, పెద్ద తప్పు జరిగిపోయింది" అని మొదలుపెట్టకండి. విన్నవారికి భయం పుడుతుంది, విషయం అందదు. ఆసుపత్రుల్లో నర్సు డాక్టరుకు ఫోన్ చేసినప్పుడు ఇప్పుడు ఏం జరుగుతోంది, వెనక ఏం జరిగింది, నా అంచనా ఏమిటి, మీ నుంచి ఏం కావాలి అన్న వరుసలో చెప్పడం నేర్పిస్తారు. ఆఫీసుకూ అది చక్కగా సరిపోతుంది. మీరు చెప్పిన వివరాలతో నేను కూర్చిన మాటలివి:

"సార్, మంగళవారం నేను పెట్టిన మార్పు వల్ల నెలాఖరు రిపోర్టులో కొన్ని బిల్లులు రెండుసార్లు వస్తున్నాయి. నాకు మంగళవారం సాయంత్రమే అనుమానం వచ్చింది, నిన్న నిర్ధారించుకున్నాను, అప్పుడే చెప్పి ఉండవలసింది. రిపోర్టు ఇంకా క్లయింట్‌కు వెళ్ళలేదు. మార్పును వెనక్కి తీస్తే సరిపోతుందని నా అంచనా, కానీ దాన్ని సీనియర్ ఒకరు చూడాలి. ఈ పొద్దున అరగంట ఎవరినైనా ఇప్పిస్తారా?"

దీన్ని కాగితం మీద రాసుకుని వెళ్ళండి, చూసి చదివినా తప్పు లేదు. మెసేజ్ పెట్టి ఊరుకోకండి. ఆయన మీటింగ్‌లో ఉంటే బయట నిలబడండి.